శుభ్రం చేసిన చెయ్యి

డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతున్నా, ఆ ఉదయం మూలబల్ల చుట్టూ నిలబడ్డ మొదటి సంవత్సరం పిల్లల ముఖాలు వెలిగిపోతున్నాయి. బల్ల మీది దేహానికి మోచేతి ముందువైపు చర్మం, కొవ్వు తొలగించి, నరాలూ రక్తనాళాలూ విడివిడిగా కనబడేట్టు చేశారు. అచ్చం పుస్తకంలో బొమ్మలాగే ఉంది. అనాటమీ లెక్చరర్ వంగి చూసింది. ఆవిడకి పిల్లలు పెట్టుకున్న పేరు ఎముకలమ్మ. ఆ సంగతి ఆవిడకి తెలుసని మాత్రం పిల్లలకి తెలియదు.

"బాగుంది" అనబోయి ఆగింది. పైపైనే ఒకచోట సన్నటి గొట్టం తెగి ఉంది.

"ఇదేమిటి?"

"ఏదో ధమని మేడమ్. చర్మం కిందే పోతోంది. పుస్తకంలో అక్కడ ఏ ధమనీ లేదు. పరీక్షలో తికమక పడతామని క్లీన్ చేసేశాం" అంది కత్తి పట్టుకున్న అమ్మాయి.

"క్లీన్ చేశారా! మీ దుంపతెగ, ఈయన మీ పుస్తకం చదువుకుని పుట్టాడటర్రా?"

అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"రేపు మీరు రోగులకి సూది వేసే చోటు ఇదే. సిర అనుకుని ఇలాంటి ధమనిలోకి మందెక్కిస్తే వేళ్ళు నల్లబడిపోతాయి. ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సొస్తుంది. పోయాక కూడా పాఠం చెబుదామని ఈ పెద్దాయన తన దేహం మనకిచ్చి వెళ్ళాడు. పుస్తకంలో లేని మాట ఒక్కటి చెప్పబోతే, దాన్ని కాస్తా మీరు కోసి పారేశారు."

పిల్లలు తలలు దించుకున్నారు.

ఆ మధ్యాహ్నమే విభాగాధిపతి ఆవిడని తన గదికి పిలిచాడు. ఆయన ఒకప్పుడు ఆవిడకి చదువు చెప్పినవాడు. ప్రొఫెసర్ పదవి ఆవిడకి ఎన్నోసార్లు చేతికందినా నోటికందలేదు. తన దగ్గర చదువుకున్నవాళ్ళు ప్రొఫెసర్లయిపోయి, "ఇంకా ఇక్కడేనా మేడమ్?" అని పలకరిస్తుంటే, నవ్వి ఊరుకునేది. ఈసారి మాత్రం ఆశ గట్టిగానే ఉంది. ఆసుపత్రికి వచ్చే వందలమంది మోచేతుల్ని స్కాన్ మీద చూసి, సూది ఎక్కడ వేస్తే మంచిదో తేల్చే పరిశోధన పూర్తి చేసింది. దాని మీద రాసిన వ్యాసాన్ని పత్రికవాళ్ళు అచ్చుకు ఒప్పుకున్నారంటే పదవి వచ్చినట్టే.

"వ్యాసం బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. ఈ నలుగురే పంటికింద రాయిలా ఉన్నారు. తీసెయ్. లెక్క క్లీన్‌గా వస్తుంది. 'ఈ చోట సూది వేస్తే ఎవరికీ ప్రమాదం లేదు' అని ధీమాగా రాయొచ్చు. నర్సుల శిక్షణ పుస్తకంలో కూడా వేస్తారట."

"ఆ నలుగురికీ సరిగ్గా అక్కడే ధమని ఉంది సార్."

"వందల్లో నలుగురు! గోరంతలు కొండంతలు చెయ్యకు. వాళ్ళని ఉంచితే, ఎందుకలా, ఎంతమందికలా అని పత్రికవాళ్ళు అడుగుతారు. మళ్ళీ ఏడాది పని. ఈలోగా ఇంటర్వ్యూ అయిపోతుంది, ఆపైన నీ రిటైర్మెంటు. నీ మంచికే చెబుతున్నాను."

నిజంగా ఆవిడ మంచికే చెప్పాడు. పాఠకులారా, చెడ్డవాళ్ళు చెప్పే చెడుకి తలుపేసుకోవడం ఏమంత కష్టం? మనవాళ్ళు, మన మేలు కోరి చెప్పినప్పుడే వస్తుంది చిక్కంతా. ఆవిడ కూడా "సరే సార్" అనే లేచి వచ్చింది.

ఇంట్లో భర్త కాఫీ కప్పు అందిస్తూ, "ప్రొఫెసరుగారూ, తమరికి చక్కెర ఎంత?" అన్నాడు.

"నలుగురిని లెక్కలోంచి తీసేయాలటండీ."

"తీసేస్తే పోయేదేముందోయ్? వాళ్ళకేమైనా తెలుస్తుందా ఏమిటి?"

వాళ్ళకి తెలియదు. ఆ మాటకే ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఆ నలుగురిలో ఒక దర్జీ ఆవిడ ఉంది. స్కాన్ చేస్తుంటే "చక్కిలిగింతలు పెడుతోందమ్మా" అని నవ్విన మనిషి, ధమని సంగతి చెప్పగానే నవ్వు ఆపేసింది. "మా ఇల్లు గడిచేది ఈ చేతి మీదే డాక్టరమ్మా. నాకంటే మీరు చెప్పారు. నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటే, వాళ్ళకెవరు చెబుతారు?" అని అడిగింది. "నేను రాస్తానుగా" అని ఆమె భుజం తట్టింది తనే.

మర్నాడు విభాగాధిపతి ముందు నిలబడింది. "తీయలేను సార్. నిన్న పొద్దున ఇదే పని చేశారని పిల్లల్ని చెడామడా తిట్టాను. పోయినాయన చేతిలోంచి తీసేస్తే ఒక పాఠం పోయింది. బతికున్నవాళ్ళని తీసేస్తే, చేతులే పోతాయి."

ఆయన వ్యాసం కాగితాలు ఆవిడ వైపు తోశాడు. "నీ ఇష్టం. తర్వాత ఏడిస్తే లాభం లేదు."

"ఏడవనని చెప్పను సార్. ఏడుస్తాను."

ఏడ్చింది కూడా. పదవి తనకంటే చిన్నవాడికి వెళ్ళిన రోజున ఇంటికొచ్చి కొంగు తడిసేలా ఏడ్చింది. మర్నాడు కళ్ళు కడుక్కుని మళ్ళీ స్కాన్ గదికి వెళ్ళింది. వ్యాసం ఆలస్యంగా వచ్చినా నలుగురితోనూ వచ్చింది. చేతికి పట్టీ బిగించకముందే వేలితో తడిమి చూడాలి, అక్కడ నాడి కొట్టుకుంటుంటే సూది వేయకూడదు. తేలింది ఇంతే. ఆ ఆసుపత్రి నర్సులకి ఇప్పుడది అలవాటైంది.

ఆవిడ చివరి క్లాసులో ఒక కుర్రాడు ఉండబట్టలేక అడిగేశాడు. "నలుగురి కోసం ప్రొఫెసర్ పదవి వదులుకున్నారట. బాధగా లేదా మేడమ్?"

"ఎందుకు లేదురా! తలుపు మీద నా పేరు పక్కన ఆ మాట చూసుకోవాలని నాకు మాత్రం ఉండదా?" అందావిడ. "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. పుస్తకంతో మనిషి కలవకపోతే దిద్దుకోవాల్సింది పుస్తకాన్నే. 'కొద్దిమందే కదా' అని మనం తేలిగ్గా పక్కకి నెట్టేస్తామే, ఆ కొద్దిమందిలో ప్రతి ఒక్కరికీ ఉండేది ఒక్కటే ప్రాణం."