నా మాట వినే చెవి మండపేటలో ఉంది

నేను ఒక బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ ముక్కను. కారు స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర, మెకానిక్కులు తప్ప ఇంకెవరూ వంగి చూడని సాకెట్టు ఒకటి ఉంటుంది. నా కాపురం అక్కడ. ఇంజను తన కష్టసుఖాలన్నీ ఆ సాకెట్టు దాకా తెచ్చి చెప్పుకుంటుంది. నీళ్లు ఎంత కాగాయి, బ్యాటరీలో ఎంత బలముంది, ఏ సెన్సరు అలిగి కూర్చుంది, అన్నీ. నేను విని గాలిలోంచే ఫోనుకు చేరవేస్తాను. నాకు ముల్లు లేదు, అంకెలు చూపే అద్దం లేదు. చిన్న నీలం దీపం మాత్రం ఉంది. అదీ డ్రైవరు కాళ్ల వైపే వెలుగుతుంది.

అందుకని నేను మనుషుల్ని పాదాలను బట్టే ఎరుగుదును. ముఖాలు చూసి మోసపోయేవాళ్లకంటే నేనే నయమని చాలాకాలం అనుకున్నాను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో ఒకే రోజున నాలాంటివాళ్లం వేలమందిమి పుట్టాం. పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేక నంబర్లు అంటించారు. ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి రాజమండ్రిలో ఒక స్పేర్ పార్టుల కొట్టులో గాజు బీరువాలో తేలాను. అక్కడ నా పక్కన ఒక గుండ్రటి మీటరు ఉండేది. డ్యాష్‌బోర్డు మీద అతికించుకునే రకం. అదీ నా సాకెట్టులోనే తీగ గుచ్చుకుని బతుకుతుంది గానీ దానికి ఫోనుతో పనిలేదు. కారు తాళం తిప్పగానే వెలిగి, ఇంజను వేడి ఎంతో పెద్ద అంకెల్లో చూపిస్తుంది. అంతకుమించి చేతకాదు. ఒకే పద్యం వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు దాన్ని చూసి జాలిపడేదాన్ని.

తాతారావు, వీరవేణి మొదటిసారి కనిపించింది ఆ కొట్టులోనే. కడియపులంక వాళ్లు, భార్యాభర్తలు, పెళ్లిళ్లకు పూల అలంకరణ చేస్తారు. ఒక వ్యాను, ఎనిమిదేళ్ల డీజిలు కారు ఉన్నాయి. అంతకు నెల కిందట కారు ఇంజను విపరీతంగా కాగి, పైమూత హెడ్డును విప్పి బాగుచేయాల్సి వచ్చిందట. ఇంకొక్కసారి అలా కాగిందంటే ఇంజను మీద ఆశ వదులుకోవాల్సిందేనని మెకానిక్కు మస్తాన్ హెచ్చరించి, వేడి చూపించే సాధనం ఏదైనా పెట్టుకోమని పంపాడు. ఉన్నది ఒకటే సాకెట్టు కాబట్టి మా ఇద్దరిలో ఒకరికే చోటు. కొట్టాయన ఇద్దర్నీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీటరైతే ఒక్క అంకేనండి," అన్నాడు. "ఇదైతే మీ ఫోన్లో అరవై రకాలు కనపడతాయండి. ఏదైనా రిపేరొత్తే అదేంటో కూడా చెప్పేత్తదండి."

"అరవై నేనేం చేసుకుంటానండీ?" అంది వీరవేణి. "వేడెక్కిందా లేదా, అదొక్కటీ నా కళ్లెదురుగా కనపడితే సాలు."

తాతారావు అప్పటికే ఫోను బయటికి తీశాడు. "నీకు తెలీదే. స్పీడు, డీజిలు, బ్యాటరీ, అన్నీ ఒక్కసోటే వత్తన్నాయి సూడు!"

"కారు నేనూ నడుపుతాను కదయ్యా."

"నడుపు. నేను సూత్తానుగా."

ఆ మాటలో ఏం లోటుందో అక్కడున్న ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు. నేను నెగ్గిన సంబరంలో ఉన్నాను. మీటరు తిరిగి బీరువాలోకి వెళ్లింది.

కొత్త మోజు కదా, తాతారావు నన్ను తెగ మురిపెంగా చూసుకున్నాడు. కారెక్కినవాళ్లకల్లా ఫోనులో అంకెలు చూపించేవాడు. ఆయనవి తోలు బూట్లు. ఖాళీ దొరికితే ఎడమకాలు ఊపే అలవాటు. ఫోను మోగినప్పుడు మాత్రం నా అంకెలన్నీ మాయమై అవతలివాళ్ల ఫోటో ప్రత్యక్షమయ్యేది. పెళ్లిళ్లవాళ్లు మాట్లాడటం మొదలుపెడితే తొందరగా వదలరు. ఆ సమయంలో ఇంజను బుద్ధిగా ఉండాలని నేను కోరుకునేదాన్ని, అదీ ఉండేది.

కారు మీటర్ల మధ్య, ఇంజను బాగా కాగితే వెలిగే ఎర్ర దీపం ఒకటి కంపెనీవాళ్లు ముందే పెట్టారు. హెడ్డు విప్పినప్పుడు ఏ తీగ కదిలిందో, అది ఊరికే మిణుకుమనేది. మస్తాన్ బాగుచేస్తానన్నాడు. "ఫోన్లో వత్తందిగా మస్తానూ, ఆ దీపం పీకేయ్," అన్నాడు తాతారావు. మస్తాన్ రెండుసార్లు వద్దని చెప్పి, మూడోసారి పీకేశాడు. నేనున్నాననే ధైర్యంతో ఉన్న ఒక్క దీపాన్నీ తీసేశారు.

వీరవేణి కారు ఎక్కితే నాకు కనిపించేవి వట్టి పాదాలు. దేవుడికి వెళ్లే పూలూ పెళ్లికి వెళ్లే పూలూ ఉన్న బండిలో ఆమె చెప్పుల కాలు పెట్టదు. వెనక్కి జారిన వెండి మెట్టెలు, అరికాళ్లకు ఆరని పసుపు. ఆ పాదాలు బ్రేకును ఎప్పుడూ మెత్తగానే నొక్కేవి. అయితే ఆమె నడుపుతున్నంతసేపూ నేను మూగదాన్నే. తాతారావు ఫోను తాతారావు జేబులో, ఇంకెక్కడో ఉండేది. నా నీలం దీపం ఆరుతూ వెలుగుతూ ఆ ఫోను కోసం వెతుక్కునేది.

"నా ఫోన్లో కూడా ఆ యాప్ పెట్టవయ్యా," అని ఆమె అడగడం నేను నాలుగైదు సార్లు విన్నాను.

"రేపు పెడతాలే," అనేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. రేపు పెట్టవచ్చని నిజంగానే అనుకునేవాడు.

వైశాఖం వచ్చింది. ఆ ఏడాది మంచి ముహూర్తాలు తక్కువ కావడంతో ఉన్నవాటికే ఊళ్లన్నీ ఎగబడ్డాయి. ఒకే రోజు ఇటు మండపేటలో ఒక పెళ్లి, అటు మన్యంలో, మారేడుమిల్లి ఘాటు దాటాక చింతూరులో ఇంకొకటి తగిలాయి. వ్యాను తీసుకుని మండపేట తాతారావు వెళ్లాడు. చింతూరు పెళ్లి వీరవేణిది. ఆమె అల్లిన పూలజడను ఎక్కడో చూసి, పెళ్లికూతురి తల్లి నేరుగా ఆమెతోనే మాట్లాడింది. ఆమె పేరు మీద ఒప్పుకున్న మొదటి పెళ్లి అదే.

"ఇది నిలబెట్టుకున్నాననుకో పిన్నీ, ఇంక నా పెళ్లిళ్లు నేనే మాట్లాడుకుంటాను," అంది నూకరత్నంతో. "తేడా వచ్చిందా, ఆయన ఎనకాల దండలు గుచ్చుకునే మనిషినే." నూకరత్నం ఆమెకు వరసకు పిన్ని. నలభై ఏళ్లుగా పూలు కడుతున్న మనిషి.

మండపం పని ముందురోజే మనుషుల్ని పంపి చేయించారు. మర్నాడు తీసుకెళ్లాల్సినవి తాజాగా ఉండాల్సినవే: పెళ్లికూతురి జడ, దండలు, రెండు బుట్టల మల్లెమొగ్గలు. ఊరేగింపుకు కారు కూడా మీదే తీసుకురమ్మన్నారు పెళ్లివారు. అందుకని సాయంత్రమే కారును సింగారించింది వీరవేణి. ముందున్న జాలీ మొత్తం కప్పేస్తూ బంతిపూలను చాపలా అల్లి కట్టి, నడిమధ్యన వధూవరుల పేర్లతో థర్మోకోల్ పలక పెట్టింది. నేను చూడలేదు గానీ, వీధిలో వాళ్లొచ్చి మెచ్చుకుంటుంటే విన్నాను. ఇంజను ఊపిరి పీల్చుకునేది ఆ జాలీలోంచే. ఆ సంగతి మెచ్చుకున్నవాళ్లకు గుర్తు రాలేదు. కట్టిన మనిషికీ రాలేదు.

తెల్లవారుజామున ఐదింటికి వీరవేణి, నూకరత్నం బయల్దేరారు. ముహూర్తం పదీ నలభైకి. మొగ్గలు పెళ్లికూతురి తలలోకి వెళ్లాక విచ్చాలి గానీ దారిలో విచ్చకూడదని, అద్దాలన్నీ ఎత్తి ఏసీ చివరిదాకా తిప్పింది వీరవేణి. రంపచోడవరం దాకా దారి చదును. వేడి తొంభై రెండు డిగ్రీలు, మామూలే. మారేడుమిల్లి దాటి ఘాటు ఎక్కడం మొదలుపెట్టాక తొంభై ఎనిమిది. రెండు మలుపులు తిరిగేసరికి నూటనాలుగు.

నేను చెబుతూనే ఉన్నాను. నూటనాలుగు. నూటఏడు. నూటపది. నా మాట వినే చెవి మండపేటలో, ఏదో పందిరి కింద, తాతారావు చొక్కా జేబులో ఉంది. ఇక్కడ నా నీలం వెలుగు ఆమె పాదం మీద పడుతూ ఆరుతూ ఉంది. అది చూసినా ఆమెకు ఏం తెలుస్తుంది? కాగిన ఇంజను వాసనైనా పట్టించేది, కానీ కారు నిండా మల్లెలూ లిల్లీలూ. ఇంజను ప్రాణం పోతున్న సంగతి ఆ కారులో నాకొక్కదానికే తెలుసు. అరవై రకాలు చెప్పగలనని విర్రవీగినదాన్ని, ఆ ఒక్క అంకె పక్కనున్న మనిషికి చెప్పలేకపోయాను. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది.

నూటపద్నాలుగు దగ్గర ఇంజను తనను తాను కాపాడుకోవడానికి ఏసీని ఆపేసింది. లోపలికి వెచ్చటి గాలి రాసాగింది.

ముందు కనిపెట్టింది నూకరత్నం. "ఒసే ఏణీ! మొగ్గలు విచ్చేత్తన్నాయే!"

"ఏసీ ఫుల్లులో పెట్టాను కదే పిన్నీ," అంటూ వీరవేణి గాలి వచ్చేచోట చెయ్యి పెట్టి ఉంటుంది. మరుక్షణం పాదం బ్రేకు మీదికి వచ్చింది. ఇంజను కోసం కాదు, మల్లెల కోసం ఆపింది. తాళం తీసేసింది. తాళం తీస్తే ఇంజను మాట నాకు వినిపించదు. ఇక బయట మాటలే దిక్కు.

బానెట్టు ఎత్తాలంటే బంతిపూల చాపను పీకాలి. పరపరా తెంపిన చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని ఆవిరి.

"నేను కట్టిన పూలే దీనికి ఊపిరాడకుండా సేసినియ్యే పిన్నీ," అంది వీరవేణి.

ఆ మలుపులో ఇద్దరి ఫోన్లకూ సిగ్నలు లేదు. కారు చల్లారేదాకా ఆగితే ముహూర్తం దాటిపోతుంది. ఆగకుండా నడిపితే ఇంజను పోతుంది. పావుగంటకు చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లే బస్సు వచ్చింది. వీరవేణి అడ్డంగా నిలబడి ఆపింది.

"కాలు పెట్టే చోటు లేదమ్మా, బుట్టలెక్కడ పెడతారు?" అన్నాడు కండక్టరు.

"పెళ్లికూతురి జడండీ. పదీ నలభైకి ముహూర్తం."

ముహూర్తమనే మాటకు బస్సంతా సర్దుకుంది. ఎవరో ఒకామె కిటికీలోంచి చేతులు చాపి జడ బుట్టను ఒళ్లో పెట్టుకుంది. దండలు ఒకరు, మల్లెలు ఒకరు పుచ్చుకున్నారు. 

"నువ్వెల్లవే," అంది నూకరత్నం. "ఈ ఇనప్పెట్టిని నేను సూసుకుంటాను. అక్కడ నిలబడాల్సింది నువ్వు."

"ఒక్కదానివీ ఎలా ఉంటావే?"

"పట్టపగలు నన్నెవడెత్తుకుపోతాడే? ఎల్లెల్లు!"

బస్సు వెళ్లిపోయింది. నూకరత్నం రోడ్డు పక్కన కూర్చుని, తెంపి పడేసిన బంతిపూలలో పనికొచ్చేవి ఏరుకుంటూ, కారును మొదలుకొని దాన్ని కనిపెట్టినవాడి దాకా అందరినీ తిడుతూ మధ్యాహ్నం దాకా కాలక్షేపం చేసింది.

వీరవేణి చింతూరు చేరి ఫోను చేస్తే, మండపేట పని ముగించుకుని తాతారావు, మస్తాన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మస్తాన్ చల్లారిన ఇంజనులో నీళ్లు నింపి స్టార్టు చేశాడు. చెవి ఆనించి విన్నాడు. "ఇంకో రెండు మలుపులు ఎక్కుంటే బిగుసుకుపోయేది," అన్నాడు.

తాతారావు ఫోను తీశాడు. ఇన్ని గంటలు వెతికిన చెవి వచ్చేసరికి నా నీలం దీపం నిలకడగా వెలిగింది. కానీ పొద్దున జరిగినదాన్ని దాచిపెట్టుకునే శక్తి నాకు లేదు. ఆ క్షణాన ఉన్నదే చెప్పగలను. "వేడి అరవై ఒకటే సూపిత్తంది," అన్నాడు తాతారావు. "అంతా బాగానే ఉందంటంది."

అప్పుడే పెళ్లివారి జీపులోంచి వీరవేణి దిగింది. జడ సమయానికి అందింది. ముహూర్తం తప్పలేదు, ఊరేగింపుకు పెళ్లివారే వేరే బండి చూసుకున్నారట. పెళ్లికూతురి పిన్నత్తగారు శ్రావణంలో తమ ఇంటి పెళ్లికి అప్పుడే మాట తీసుకున్నారట. నూకరత్నానికి లడ్డూల పొట్లం ఇచ్చి, వీరవేణి కారు దగ్గరికి వచ్చింది.

"వేడెక్కుతుందని ఒక్క ఫోను కొట్టకపోయావా?" అన్నాడు తాతారావు. కోపంతో కాదు, బెంగతోనే అన్నాడు.

"వేడెక్కుతుందని నాకు తెలిత్తేగా?" అంది ఆమె. "నేను కూర్చున్న బండి కాగిందో లేదో మండపేటలో ఉన్న నిన్ను అడిగి తెలుసుకోవాలా?"

"రేపు నీ ఫోన్లో కూడా పెడతాను," అన్నాడు.

"అక్కర్లేదు."

ఆమె మోకాళ్ల మీద వంగి స్టీరింగు కిందికి చూసింది. నేను దగ్గరగా చూసిన మొదటి మనిషి ముఖం అది. చెమట, కాటుక, జుట్టులో ఇరుక్కున్న బంతి రేక. ఆ ముఖంలో నా మీద కోపమేమీ లేదు. పుల్ల తీసినట్టు నన్ను ఊడదీసి మస్తాన్ చేతిలో పెట్టింది.

మర్నాడే గుండ్రటి మీటరు ఆ కారెక్కిందని, దాన్ని ఎక్కడ అతికించాలో వీరవేణే వేలితో చూపించిందని మస్తాన్ షెడ్డులో అనుకుంటుంటే విన్నాను. ఎర్ర దీపం కూడా మళ్లీ పెట్టించారట.

నేనిప్పుడు ఆ షెడ్డులోనే స్పానర్ల డబ్బాలో ఉంటున్నాను. రోజుకో కారు, రోజుకో జబ్బు. మస్తాన్ ఫోను ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ నా అరవై విద్యలకూ మంచి గిరాకీ. నిజం చెప్పాలంటే నేను పుట్టింది ఈ పనికే. మీటరుకు ఈ పని రాదు, దాని పని నాకు రాదు.

మొన్న ఒక బ్యాంకాయన కారు తెచ్చాడు. మస్తాన్ నన్ను పెట్టి పరీక్ష చేస్తుంటే ఫోనులో అంకెలు చూసి ముచ్చటపడి, ఇలాంటిది తనకూ కావాలన్నాడు.

"బండి ఎవరు నడుపుతారండీ?" అని అడిగాడు మస్తాన్.

"నేనే."

"ఇంకెవరూ ముట్టుకోరా?"

"నేను ఊళ్లో లేనప్పుడు మా అమ్మాయి కాలేజీకి తీసుకెళ్తుంది."

మస్తాన్ నన్ను ఊడదీసి డబ్బాలో వేశాడు. "అయితే ఆ అమ్మాయికి కనపడేది కొనండి," అన్నాడు.