పది నలభై గంట

సోమవారం పొద్దున మా బడి గంట మోగలేదు.

మా బడిలో గంట కొట్టడానికంటూ మనిషి లేడు. ఆఫీసు గదిలో బీరువా పక్కన అరచేయంత కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో క్రాన్ అనే ప్రోగ్రాం గడియారం చూసుకుంటూ, రాసిపెట్టిన వేళకి రాసిపెట్టిన పని చేస్తుంది. రోజుకి తొమ్మిది సార్లు వరండాలోని స్పీకర్లలో గంట మోగిస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటం, సెలవులొస్తే ఆపడం, బడి తెరిస్తే మళ్ళీ మొదలుపెట్టడం నా పని. పదో తరగతి సగంలో మానేసినదాన్నయినా, కంప్యూటర్ మేడం చెప్పింది చెప్పినట్టు చీటీల మీద రాసుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కి నేర్చుకున్నాను.

చీటీలు రాయడం నాకు జబ్బులాంటిది. మా పాపకి ఏడో నెల. రోడ్డు అవతల క్రెష్‌లో దింపేటప్పుడు సంచితో పాటు చీటీ కూడా ఇస్తాను. తుడిచే గుడ్డ ఎడమ జేబులో ఉంది, జలుబు మందు కుడి జేబులో నీలం మూత సీసా, ఏడిస్తే ముందు మెడ కింద చెమట పట్టిందేమో చూడండి, ఇలా సాగుతుంది. అక్కడి ఆయా పిన్ని నన్ను గుమ్మంలో చూడగానే, "చీటీలమ్మ వచ్చింది. ఇవాళ ఎన్ని పేజీలు తల్లీ?" అంటుంది.

పాప పాలసీసా ముట్టదు. అందుకని రోజూ పదిన్నరకి వెళ్ళి పాలిచ్చి పదకొండుకల్లా తిరిగి రావడానికి పెద్దమేడం ఒప్పుకున్నారు. నేను లేని ఆ కాస్సేపట్లో పది నలభైకి విరామం గంట, పది యాభై ఐదుకి మళ్ళీ క్లాసు గంట మోగుతాయి. ఇన్నాళ్ళూ వాటి సంగతి నేను తలచుకోనే లేదు.

గంట మోగకపోయేసరికి పెద్దమేడం బీరువా మీది పాత ఇత్తడి గంట దింపించి నా చేతికిచ్చారు.

"బాగయ్యేదాకా నువ్వే కొట్టు."

"మేడం, పది నలభైకి నేను పాప దగ్గర..."

"తెలుసమ్మా. గేటు తాత గేటు వదలకూడదు, టీచర్లు క్లాసుల్లో ఉంటారు. నేను మాత్రం ఎవర్ని పెట్టను? బుధవారం దాకా చూద్దాం. అప్పటికీ కాకపోతే సీసా అలవాటు చెయ్యి."

సోమ, మంగళవారాలు ఆ రెండు గంటలూ నేనే కొట్టి, పదకొండవుతుండగా పరిగెత్తాను. అప్పటికే పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. పిన్ని చీటీల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేది.

నన్ను తికమక పెట్టింది ఒకటే. కీబోర్డు ముందు కూర్చుని నేను నొక్కితే గంట ఖంగున మోగుతోంది. దానంతటది మాత్రం మోగడం లేదు.

బుధవారం తొమ్మిదీ ఇరవైకి కంప్యూటర్ మేడానికి ఫోన్ చేశాను. ఆవిడ కాలు విరిగి కట్టుతో ఇంట్లో ఉన్నారు.

"ముందు ఆ ఏడుపు ఆపు," అన్నారు.

"ఏడవడం లేదు మేడం."

"గొంతు అలా ఏడిచిందిలే. అందులో టైం ఎంత చూపిస్తోంది?"

"తొమ్మిదీ ఇరవై. గోడ మీదా అంతే."

"అయితే గడియారం తప్పు లేదు. క్రాన్ ఏ పని ఎప్పుడు మొదలుపెట్టిందో రాసుకునే చిట్టా ఉంటుంది, అది తెరువు."

ఆవిడ చెప్పిన అక్షరాలు కొట్టాను. తొమ్మిదింటికి గంట పని మొదలుపెట్టినట్టు అందులో ఉంది. ఎనిమిదీ యాభైకీ ఉంది. నిన్నవీ, మొన్నవీ ఉన్నాయి.

"చూశావా, పాపం వేళకి లేచి పనిలోకి వెళ్తూనే ఉంది. వెళ్ళాక ఏం జరుగుతోందో మనకే తెలియడం లేదు. క్రాన్‌లో ఆ గంట పని రాసిన లైను చివర నేను చెప్పే ముక్క చేర్చు. దాని గోడేమిటో ఒక ఫైల్లో రాసిపెడుతుంది."

చేర్చి, మూడుసార్లు సరిచూసుకున్నాను. తొమ్మిదీ యాభైకి ఇత్తడి గంట నేనే కొట్టి, లోపలికొచ్చి ఆ ఫైల్ తెరిచాను. ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లీషులో ఉంటే కూడబలుక్కుని చదివి, మేడానికి మళ్ళీ ఫోన్ చేశాను.

"గంట శబ్దం ఫైల్ లేదంటోంది మేడం."

"లేకపోతే నువ్వు నొక్కినప్పుడు ఏం మోగుతోంది?"

"ఉంది మేడం. గంట ఫోల్డర్‌లోనే ఉంది."

"గంట ఫోల్డరా? నేను అలాంటిదేం పెట్టలేదే!"

పెట్టింది నేనే. శనివారం దుమ్ము దులిపి, పనిలో పనిగా స్క్రీన్ కూడా చూశాను. ఫైళ్ళన్నీ బయటే చిందరవందరగా కనిపిస్తే చెయ్యి ఊరుకోలేదు. గంట అని ఫోల్డర్ చేసి, గంట ఎలా మోగించాలో రాసి ఉన్న స్క్రిప్టునీ, శబ్దం ఫైల్‌నీ అందులో పెట్టాను. స్క్రిప్టు కొత్త చోటు క్రాన్‌కి కూడా రాశాను. అంతా సరిగా చేశాననే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

అంతా చెప్పాను. ఫోన్‌లో ఆవిడ నవ్వు వినిపించింది.

"నొక్కే ముందు ఏం చేస్తున్నావు?"

"ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి నొక్కుతున్నాను."

"అదీ సంగతి. నువ్వు లోపల నిలబడి అడుగుతున్నావు, ఎదురుగా దొరుకుతోంది. క్రాన్ గుమ్మంలో నిలబడి అడుగుతోంది. మొన్నటిదాకా ఆ శబ్దం కూడా గుమ్మంలోనే ఉండేది. స్క్రిప్టులో శబ్దం పేరుందే తప్ప అది ఎక్కడుందో లేదు."

పోయిన నెల వంటింట్లో డబ్బాలన్నీ మార్చి సర్దాను. మా ఆయన చక్కెర కోసం పావుగంట వెతికి, ఖాళీ కప్పుతో బయటికొచ్చి, "నువ్వు సర్దాక ఈ ఇంట్లో నేను చుట్టాన్నే," అన్నాడు. అది గుర్తొచ్చింది.

"అయితే దీనికీ చీటీ రాయాలి మేడం. ఏ సంచి, ఏ జేబు, అన్నీ."

"రాయి. గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి రాయి."

స్క్రిప్టులో శబ్దం పేరుకి ముందు దాని పూర్తి చిరునామా చేర్చాను.

"నువ్వు నొక్కి చూసి లాభం లేదు, నువ్వు నొక్కితే ఎలాగూ మోగుతుంది," అన్నారావిడ. మధ్యలో ఒకసారి దానంతటదే మోగేలా పెట్టి చూద్దామంటే, పిల్లలు విరామమనుకుని బయటికి పరిగెత్తుతారు. అంటే పది నలభై గంటే పరీక్ష.

పెద్దమేడం దగ్గరికెళ్ళి చేసిందంతా ఒప్పుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"ఊళ్ళో అందరికీ చీటీలు ఇస్తావు. నాకొకటి ఇవ్వలేకపోయావా?"

ఆవిడ చెయ్యి చాపి నా చేతిలోని ఇత్తడి గంట తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నారు.

"మోగకపోతే ఇవాళ్టికి నేను కొడతాను. కానీ ఇవాళ్టికే. వెళ్ళు, పదిన్నరయింది."

పాప నన్ను చూడగానే కాళ్ళు ఆడించింది. కిటికీ పక్క చాప మీద కూర్చుని పాలు పడుతున్నాను గానీ నా చూపు గోడ గడియారం మీదే ఉంది. పది నలభై అయింది. బడి వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. మరో నిమిషం గడిచింది.

"పిన్నీ, ఆ గడియారం సరిగ్గానే నడుస్తోందా?"

"రెండు నిమిషాలు ముందుంది. అమ్మలు తొందరగా వస్తారని నేనే తిప్పి పెట్టాను," అంది పిన్ని, గుడ్డలు మడతపెడుతూ.

అంతలో గంట మోగింది. చెవులు రిక్కించాను. ఇత్తడి గంట అయితే దెబ్బ దెబ్బకీ విడిగా వినిపిస్తుంది. ఇది సాగి సాగి, చివర స్పీకరు కాస్త గరగరలాడి ఆగింది. వెనకే పిల్లల గోల లేచింది.

పాప పాలు వదిలి, కిటికీ వైపు తల తిప్పి వింది. మళ్ళీ నా వైపు తిరిగి తాగడం మొదలుపెట్టింది.

"నీ గంటేనా?" అంది పిన్ని.

"నాది కాదు పిన్నీ, దానంతటదే మోగింది."

"అయితే కాస్త వెనక్కి ఆనుకుని కూర్చో. వచ్చినప్పట్నుంచి గోడకి కొట్టిన మేకులా బిగుసుకుని ఉన్నావు."

వెనక్కి ఆనుకున్నాను. క్లాసు గంట మోగినప్పుడు పాప ఇంకా తాగుతూనే ఉంది. నేను గడియారం చూడలేదు.