ఆంబ్రోస్ బల్ల మీద రొట్టె

మా టెమ్‌ఫర్డ్ ఊళ్ళో ఇప్పుడు చర్చిల కంటే ఖరీదైన భోజనశాలలే ఎక్కువ. లండన్ నుంచి పనిగట్టుకుని కార్లేసుకుని వస్తారు. బండిచక్రమంత పళ్ళెంలో ఉసిరికాయంత మాంసం పెట్టి, చుట్టూ నాలుగు ఆకులు అంటిస్తే కళ్ళు మూసుకుని మరీ తింటారు. నేను వెక్కిరించకూడదులెండి, నా కూడు కూడా ఆ పళ్ళెంలోంచే వస్తోంది. ఊరి బయట, నది ఒడ్డున, ఒకప్పుడు నీటితో తిరిగిన పిండిమరలో నడుస్తున్న భోజనశాలలో వడ్డన అంతా నా చేతి మీదే జరుగుతుంది. అతిథి కోటు అందుకునేదీ నేనే, ఏ చేపకు ఏ వైన్ నప్పుతుందో చెప్పేదీ నేనే.

ఆ మర ఒకప్పుడు మాదే. ఇప్పుడు జున్నులు దాచే గదిలో నేను పుట్టాను. మా నాన్న ఆంబ్రోస్ దాన్ని అమ్మేశాక మేమిద్దరం వంతెన అవతల చిన్న ఇంట్లోకి మారాం. నన్ను, ఈ ఎనిడ్‌ను, చేసుకుంటామని అడిగినవాళ్ళు లేకపోలేదు. నాన్న ఒంటరివాడైపోతాడని నేనే వద్దన్నాను. అమ్మ ఎప్పుడో పోయింది, అన్న క్లెమ్ కూడా వరదలో పోయిన దగ్గర్నుంచీ ఆయనకు నేను తప్ప దిక్కులేదు. పోయిన చలికాలం ఆయన కూడా వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ప్రార్థనా మందిరం కూడా మూతపడింది.

ఒకరోజు నేను పనిలోకి వచ్చేసరికి భోజనాల గది నడుమ పొడవాటి ఎల్మ్ చెక్క బల్ల ఒకటి వేసి ఉంది. యజమాని జాస్పర్ దానికి మైనం పట్టిస్తున్నాడు. జాస్పర్ చేతిలో వంట అమృతం. నోరు మాత్రం క్షణం ఊరుకోదు.

"చూశారా ఎనిడ్ గారూ! మందిరం సామాను వేలం వేస్తుంటే పాడుకొచ్చాను. ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకమన్నా దొరకదు."

చూశాను. ఒక మూల కొవ్వొత్తి పడి కాలిన మచ్చ ఉంది. ఆ కొవ్వొత్తి నా మోచెయ్యి తగిలి పడిందే.

"దీని మీద ఎవర్ని పడుకోబెట్టేవాళ్ళో తెలుసా నీకు?"

"తెలిసే కొన్నానండీ. మీ వైపు పూర్వం పోయినవాళ్ళ మీద రొట్టె, ఉప్పు పెట్టి, ఒక పరాయివాణ్ణి పిలిచి తినిపించేవాళ్ళట కదా? వాళ్ళ పాపాలన్నీ వీడి కడుపులోకి! ఈ కథ చెబితే జనం ఎగబడరూ? ఇక నుంచి మన మొదటి వడ్డన ఇదే. ఈ బల్ల మీద రొట్టె, ఉప్పు, చిన్న గ్లాసుడు బీరు."

"దీని మీద చివరగా పడుకున్నది మా నాన్న, జాస్పర్. ఆయనకు ఆ రొట్టె ఎవరూ తినలేదు. ఈ కాలంలో ఎవరు తింటారు?"

అతని చేతిలో గుడ్డ ఆగింది. "అయ్యో, నాకు తెలీదండీ." మళ్ళీ మైనం రుద్దుతూ నవ్వాడు. "అయినా ఆంబ్రోస్ గారు దేవుడిలాంటి మనిషి. ఆయన పాపాలు పసిపిల్లకైనా అరిగిపోతాయి."

నాకూ నవ్వొచ్చింది. ఊరంతా ఆయన గురించి అలాగే అనేవారు. ఒక్క మా అమ్మమ్మ మాటే ఎక్కడో కలుక్కుమంది. సొంతవాళ్ళు మాత్రం ఆ రొట్టె తినకూడదనేది ఆవిడ. తింటే ఆ బరువు ఇల్లు వదిలి పోదట.

మొదటి రోజు మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఒక రిటైరైన జడ్జి, ఆయన భార్య. జాస్పర్ కథ చెప్పాడు. ఆవిడకు గోధుమ పడదు కాబట్టి జడ్జిగారే రొట్టె తుంచి, ఉప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. నములుతూ నములుతూ ఆగిపోయారు. తల తిప్పి నా వైపు చూశారు.

"గడియ పెట్టింది నేనే, పిచ్చుకా" అన్నారు.

నా చేతిలో బీరు తొణికింది. భార్య "ఏమిటండీ?" అంటే ఆయన తెల్లమొహం వేసి, "ఏమన్నాను? రొట్టె బాగుంది" అన్నారు. ఆయనకు కోటు తొడిగి పంపాను. నన్ను పిచ్చుకా అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కరే. ఆ పిలుపు మా ఇంటి నాలుగు గోడలూ దాటి ఎరగదు.

ఆ పిలుపుతో నాకెప్పుడూ వరద వచ్చిన రాత్రే గుర్తుకొస్తుంది. చెబితే వింతగా ఉంటుంది గానీ, నా చిన్నతనంలో నేను అంత సంతోషంగా ఉన్నది ఆ ఒక్క రాత్రే. బయట నది హోరు. నేను భయపడుతున్నానని, చప్పుడంటే గిట్టని నాన్న రేడియో గోల పెట్టేంత పెంచి, "రా పిచ్చుకా" అని చెయ్యి పట్టుకుని నాతో డాన్సు చేశాడు. నవ్వి నవ్వి అలిసి నిద్రపోయాను. తెల్లారేసరికి క్లెమ్ శవం మర తిప్పే నీటిచక్రం దగ్గర దొరికింది. తూము చూడ్డానికి వెళ్ళి జారిపడ్డాడన్నారు. ఆ దుఃఖంలో నాకు మిగిలిన తీపి ఆ డాన్సే. నాన్నకు ముద్దలు తినిపించిన చివరి రోజుల్లో కూడా దాన్నే తలుచుకుని ఓపిక తెచ్చుకున్నాను.

తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా అదే తంతు. మాంచెస్టర్ నుంచి వచ్చిన కొత్త జంటలో పెళ్ళికూతురు "వాడు తడుతున్నాడు" అంది. గుర్రాలు పెంచే లావుపాటాయన "ఇంకాస్త భయపడనీ, బుద్ధొస్తుంది" అన్నాడు. అందరిదీ ఒకటే గొంతు, మెల్లగా, ముక్కుతో, మా నాన్న మాట్లాడినట్టే. వంతెన దాటేసరికి ఎవరికీ ఏమీ గుర్తుండేది కాదు. జాస్పర్‌కు మాత్రం తల ఆకాశాన్ని తాకింది.

"చూశారా, కథ ఎలా పట్టేసిందో! జనం పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నారు."

"పూనకం కాదు బాబూ. ఆ బల్ల తీసెయ్. నా మాట విను."

"మీకు నాన్నగారి బెంగ, ఎనిడ్ గారూ. నాలుగు రోజులు సెలవు తీసుకోండి."

సెలవు తీసుకుని ఉంటే ఏమయ్యేదో! అతిథులు ఒక్క ముక్క తిని పోతారు. మిగిలిన రొట్టె ఎక్కడికి పోతోందో నేను ఆలోచించలేదు. జాస్పర్ భార్య రోజమండ్ ఆరో నెల కడుపుతో ఉంది. ఏది తిన్నా కక్కుకునే పిల్లకు ఆ బల్ల మీద మిగిలిన రొట్టె ఒక్కటే ఇముడుతోందని, రోజూ అదే తింటోందని ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఆమె మెల్లగా నడవడం, ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టింది. వెళ్తూ వస్తూ కింద నీటిచక్రం గది తలుపు గడియ తడిమి చూసుకునేది.

"ఏమ్మా, ఆ తలుపుతో నీకేం పని?" అన్నానొకసారి.

"పడిందో లేదో చూస్తున్నా" అంది, నా మొహం చూడకుండా.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీ బయట పొగమంచు గోడ కట్టినట్టుంది. గది నిండా అతిథులు, పియానో సంగీతం సన్నగా మోగుతోంది. కింద నుంచి జాస్పర్ కేక వినిపించి పరిగెత్తాను. చక్రం గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నీళ్ళలోకి దిగే మెట్ల మీద, మోకాళ్ళ లోతు నీటిలో రోజమండ్ నిలబడి ఉంది. జాస్పర్ మగవాడి బలంతో ఆమె చెయ్యి పట్టి లాగుతున్నా కదలటం లేదు. నది ఆమె గౌను అంచును లోపలికి గుంజుతోంది.

"ఎనిడ్ గారూ, ఏదన్నా చెయ్యండి! నా మాట వినటం లేదు, నన్ను గుర్తే పట్టటం లేదు!"

ఆమె నా వైపు తిరిగింది. "నీళ్ళు ఇంత దాకా వచ్చాయి పిచ్చుకా. నాకు తెలీదు. నిజంగా తెలీదు." ఇంకో మెట్టు దిగింది.

నాకు భయం వేసింది. అంతకంటే ముందు ఒళ్ళు మండింది. ఎవరి కూతురో, ఎవరి బిడ్డో, మా ఇంటి బరువు ఈ పిల్ల ఎందుకు మొయ్యాలి? అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఇల్లు వదలకపోతే మానె, ఈ పిల్లను వదిలితే చాలనుకున్నాను. పైకి పరిగెత్తాను. అతిథులందరూ ఫోర్కులు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా బల్ల మీది రొట్టె లాక్కుని, ఉప్పులో ముంచి నోట్లో కుక్కుకున్నాను.

"నాన్నా, అది నాకిచ్చెయ్" అన్నాను గట్టిగా. "ఆ పిల్లను వదులు." బీరుతో మింగాను.

బల్ల, గది, అతిథులు అన్నీ పోయాయి. నా చేతులు నావి కావు, పిండి పట్టిన లావు వేళ్ళు. క్లెమ్ బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో చేరతానంటున్నాడు. మరను వదిలి పోతాడా వీడు? వాణ్ణి చక్రం గదిలోకి నెట్టి గడియ పెట్టాను. ఒక రాత్రి ఉంటే బుద్ధొస్తుంది. మేడ మీదికొచ్చి కుంపటి దగ్గర కూర్చున్నాను. నది పెరుగుతోంది. కింద తలుపు తట్టిన చప్పుడు. ఇంకాస్త భయపడనీ. మళ్ళీ తట్టాడు, ఈసారి రెండు చేతులతో. ఎదురుగా బొమ్మతో ఆడుకుంటున్న చిన్నపిల్ల తలెత్తింది.

"నాన్నా, ఏదో చప్పుడవుతోంది."

ఆ లావు వేళ్ళు రేడియో మీదికి వెళ్ళాయి. చప్పుడు పెంచాయి. "రా పిచ్చుకా" అన్నాను నేను, మా నాన్న గొంతుతో.

తేరుకునేసరికి బల్ల కాలు పట్టుకుని నేల మీద ఉన్నాను. కింద రోజమండ్ ఏడుపు వినిపించింది, అచ్చం ఆమె గొంతే. జాస్పర్ ఆమెను ఎత్తుకుని పైకొచ్చాడు. "నా కాళ్ళెందుకు తడిశాయి?" అని అడుగుతోంది. అంత కమ్మని మాట నేనెప్పుడూ వినలేదు. తర్వాత పండులాంటి ఆడపిల్లను కంది.

బల్లను కోసి పొయ్యిలో పెడతానన్నాడు జాస్పర్. అక్కర్లేదు, అందులో ఇప్పుడేమీ లేదన్నాను. నిజమే, ఎవరు తిన్నా అది మామూలు రొట్టె. నాన్న సమాధికి పూలు తీసుకెళ్ళడం మానేశాను. ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. ఆయన కోసం ఏడవని రోజూ లేదు.

మధ్యాహ్నం వడ్డన జోరుగా ఉన్నప్పుడు కింద తలుపు తట్టిన చప్పుడవుతుంది. నాకొక్కదానికే వినిపిస్తుంది. చేతిలో ఏ పళ్ళెం ఉన్నా పక్కన పెట్టి, దిగి వెళ్ళి గడియ తీస్తాను. ఎవరూ ఉండరు. గడప మాత్రం తడిగా ఉంటుంది. "రా క్లెమ్" అని కాసేపు తలుపు తెరిచి పట్టుకుని పైకొస్తాను.

ఇంత పేరున్న చోట కాస్త సంగీతం పెట్టొచ్చు కదా అని అతిథులు అడుగుతుంటారు. జాస్పర్ నా వైపు చూస్తాడు. మా దగ్గర అలాంటివి ఉండవండీ అని నవ్వి, వాళ్ళ గ్లాసులు నింపుతాను. పాట మోగుతుంటే తలుపు చప్పుడు వినపడదు.