మిరియాల పాలు

మిరియాలు మరీ మెత్తగా దంచకూడదు. అలాగని పంటికి తగిలేలానూ ఉండకూడదు. కచ్చాపచ్చాగా దంచి, పాలు పొంగాక వేసి, పటికబెల్లం కలిపితే ఆ ఘాటులో ఇంకే చేదున్నా నాలుకకి తెలియదు. ఈ కిటుకు నాకు మా అత్తయ్య అనసూయమ్మ గారు నేర్పింది. మాత్రని రెండు చెంచాల మధ్య పెట్టి పొడి చేయడం కూడా ఆవిడే నేర్పింది.

ఆ పాలు మా వదిన శ్యామలాదేవికి. మా ఆయన సుబ్రహ్మణ్యానికి అక్క. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెప్పేవాళ్ళలో పేరున్న మనిషి. తెర మీద పరభాషా హీరోయిన్ పెదవులు కదిపితే హాల్లో వినిపించేది మా వదిన గొంతే. ఆ గొంతు బొంగురు పోకుండా రోజూ సాయంత్రం మిరియాల పాలు తాగడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. పెళ్ళి చేసుకోలేదు, నగలు కొనుక్కోలేదు, ఐస్‌క్రీమ్ ముట్టుకోలేదు. అంతా ఆ గొంతు కోసమే.

కిందటేడు వేసవిలో ఆవిడకి బాగాలేకుండా పోయింది. కంటి మీద కునుకు ఉండేది కాదు. ఎప్పుడో చెప్పిన డైలాగులు గోడల్లోంచి వినిపిస్తున్నాయనేది. సౌండ్ ఇంజనీరు తన గొంతు దాచిపెట్టి వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాడని స్టూడియోకి వెళ్ళి గొడవ పెట్టుకుంది. అత్తయ్య నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి గుమ్మం తొక్కిందని తెలిస్తే మళ్ళీ దాన్ని మైకు ముందుకి రానిస్తారా? మనం మాత్రం తలెత్తుకు తిరగ్గలమా?" అంది. అందుకని మా ఆయన తనకి తెలిసిన మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు, గొంతు డాక్టరని వదినకి చెప్పి. ఆ డాక్టరు ఒక్కసారి చూసి మందు రాసిచ్చాడు. "నా గొంతు శుభ్రంగా ఉంది, నాకెందుకు మందు?" అని వదిన మింగనంది. ఆవిడ మాటలో తప్పేముంది? మేం చెప్పిన జబ్బు ఆవిడకి లేదు, ఉన్న జబ్బు మేం చెప్పలేదు.

"పాలల్లో కలిపి ఇవ్వు. నీ చేతిదైతే అనుమానం లేకుండా తాగేస్తుంది" అన్నారు మా ఆయన. మెచ్చుకుంటున్నట్టే అన్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఆయన అన్నది నిజం. మాది బోరబండ. ప్రేమించి చేసుకున్నారు గాని, నేను నోరు తెరిచి "గిట్ల" అంటే చాలు, అత్తయ్య చెవులు మూసుకునేది. "ఆ భాషేంటమ్మా, వినలేకపోతున్నాం" అనేది. మా ఆయన నవ్వేవారు. ఆ నవ్వు భరించలేక నా మాట మానేసి వాళ్ళ మాట నేర్చుకున్నాను. వదిన మాత్రం ఒకసారి పనిమనిషి పాత్రకి డబ్బింగ్ చెప్పాల్సి వస్తే వంటింట్లో నా ముందు పీట వేసుకుని కూచుంది. "నేర్పవే మనోజా. నేను చెబితే ఎరువు తెచ్చుకున్నట్టు ఉంటోంది" అంది. నేను చెప్పింది చెప్పినట్టు పలికి, "అవునే, మీ మాట ఎప్పుడూ పనిమనిషికే ఎందుకిస్తారు?" అని తనే అడిగింది. నా మాట విని ఆ ఇంట్లో సంతోషించింది ఆవిడొక్కతే. ఆవిడ గ్లాసులోనే నేను మందు కలుపుతున్నాను.

మందు పనిచేయలేదని అనను. గోడలు మాట్లాడడం మానేశాయి. వదిన ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. కానీ నెమ్మదిగా నాలుక మొద్దుబారింది. పెదవి చివర తడి చేరేది. కాస్త పొడుగు డైలాగు వస్తే నోరు తిరిగేది కాదు, హీరోయిన్ పెదవులు ముందే మూతపడిపోయేవి. స్టూడియోల నుంచి పిలుపులు తగ్గాయి. వదిన అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకునేది. "గొంతు పోతోందే మనోజా. మిరియాలు ఇంకాస్త ఎక్కువ వెయ్యి" అనేది. నేను గ్లాసు చేతికిచ్చి "తాగండి వదినా, సర్దుకుంటుంది" అనేదాన్ని. అంత నమ్మకంగా ఎలా అనగలిగానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

ఒకసారి మా ఆయనతో అన్నాను, నాలుక అలా అవుతోంది, డాక్టర్ని అడగండి అని. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "మనిషి నెమ్మదిగా పడి ఉంది కదా, కెలక్కు. ఒక మాత్ర కలపడం కూడా భారమైపోయిందా నీకు?" అన్నారు. భారం మాత్రది కాదని చెప్పలేకపోయాను. పొద్దున్నే టిఫిన్లు, కారియర్లు, ఆఫీసు, వచ్చాక మళ్ళీ వంట, వీటన్నిటి మధ్యా అదీ ఒక పనిగా చేసేస్తూ వచ్చాను. పనిలో పడితే ఆలోచించే అవసరం ఉండదు. నాకది సుఖంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ రోజు పొద్దున వదిన వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. హీరో తల్లి పాత్రకి వాయిస్ టెస్టుకి రమ్మన్నారట. "ఇదీ పోతే ఇంక మానేస్తానే. చచ్చిపోయిన గొంతు పట్టుకుని మైకు ముందు నిలబడ్డం సిగ్గుచేటు" అంది. నేను దోసె తిరగేస్తూ ఉండిపోయాను. చెబితే మందు విసిరికొట్టి మళ్ళీ వేసవి నాటి మనిషైపోవచ్చు. చెప్పకపోతే బతికున్న గొంతుని తన చేత్తోనే పాతిపెట్టుకుంటుంది.

అదే గుబులుతో ఆఫీసుకెళ్ళాను. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులివి. జూబ్లీహిల్స్‌లో మేడ మేడకీ ఒక కంపెనీ బోర్డు. నాది సాఫ్ట్‌వేర్ కాదు. విదేశాల డాక్టర్లూ కమిటీలూ మాట్లాడి పంపిన రికార్డింగులు చెవిలో పెట్టుకుని, టేపు ఆపడానికీ నడపడానికీ కాలితో పెడల్ తొక్కుతూ టైపు చేయడం. "వినడం, కొట్టడం! అదీ ఒక ఉద్యోగమే?" అంటారు మా ఆయన. ఆ రోజు మా టీమ్ లీడర్ రష్మి "మనోజా, నీకు ఎర్రగడ్డ ఫైల్" అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది.

అదొక చిన్న ద్వీపదేశం. దేశం మొత్తం కలిపినా మా బోరబండ అంత జనం ఉండరేమో. మానసిక రోగుల కోసం ఉన్నది ఒకే ఒక్క ఆసుపత్రి. దాన్ని మూసేసి, నర్సులే పడవల్లో ఇళ్ళకి వెళ్ళి చూసేలా కొత్త చట్టం రాస్తున్నారు. ఏ మందు ఇస్తున్నదీ మింగే మనిషికి చెప్పి తీరాలని అందులో ఒక నియమం. దాని మీద జనం ఏమంటారో వినడానికి సభ పెట్టారు. ఒక తల్లి లేచింది. మాది అరచేయంత ఊరు, నర్సు పడవ మా రేవులో ఆగితే చాలు అందరికీ తెలిసిపోతుంది, చెబితే మా అమ్మాయి మందు మింగదు, అందుకే చేపల పులుసులో కలిపి పెడుతున్నాను అంది. అచ్చం మా అత్తయ్యే ఇంగ్లీషులో మాట్లాడుతున్నట్టు ఉంది. నాకు నవ్వు కూడా వచ్చింది.

సభ నడిపిస్తున్నావిడ ముసలి గొంతుతో మెల్లగా అడిగింది. "మింగుతావా అని అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా?"

జవాబు లేదు. దూరంగా కెరటాల చప్పుడు. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఏమీ లేదు. మా పనిలో మాటలే కాదు, జవాబు రాకపోతే అదీ టైపు చేయాలి. 'నిశ్శబ్దం' అని కొట్టి, అక్కడే వేళ్ళు ఆపుకుని కూచుండిపోయాను. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వేయలేదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు, నిజమే. కానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి నాది.

సాయంత్రం పాలు కాచాను. చెంచాలు తియ్యలేదు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్ర. అత్తయ్య హాల్లో సీరియల్ చూస్తోంది. వదిన గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఇన్నేళ్ళూ తెచ్చిపెట్టుకున్న మాట ఆ క్షణాన రాలేదు. నాదే వచ్చింది.

"వదినా, గీ గోలి నీ గొంతుకు గాదు. నిద్రకు, గోడల్ల వినబడే మాటలకు. నీకు ఎరుక లేకుండ రోజు పాలల్ల కలిపి ఇస్తున్న. నాలుక గట్ల మొద్దుబారుడు దీనితోనే అని నాకు అనుమానం ఉండె. చెప్పకపోతిని."

కొడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. వదిన మాత్ర తీసుకుని దీపం వైపు తిప్పి చూసింది.

"అందరికీ తెలుసా?"

"అందరికి ఎరుకే."

ఆవిడ చెయ్యి మెల్లగా మెడ మీదకి వెళ్ళింది. "అయితే నా గొంతు పోలేదన్నమాట" అంది.

ఆ మొహంలో కోపం కాదు, సంతోషం. తిట్టయితే పడేదాన్ని. ఆ సంతోషాన్ని చూడలేక అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

హాల్లోంచి అత్తయ్య కేకేసింది. "మనోజా, పాలు తాగిందా?"

"ఇది మానేస్తే ఏమవుతుందే?" అడిగింది వదిన.

"మళ్ళ గోడలు మాట్లాడొచ్చు. రేపు ఎర్రగడ్డకు పోదాం, గాడ నువ్వే అడుగు. గీ గోలి మింగుడు మింగకపోవుడు నీ ఇష్టం."

మాత్రని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. తర్వాత కూజాలోంచి నీళ్ళు వంపుకుని మాత్ర తనే మింగింది. పాల గ్లాసు మాత్రం నా వైపు జరిపింది. "ముందు నువ్వు తాగు" అంది.

తాగాను. ఉత్త మిరియాల ఘాటు గొంతులో పాకింది. మిగతావి ఆవిడ తాగింది.

ఎర్రగడ్డలో మందు మార్చారు. వాయిస్ టెస్టు చేజారింది గాని నాలుక నెమ్మదిగా తేలికపడుతోంది. కొంప ముంచానని మా ఆయన నాతో మాట మానేశారు. వదిన మాట్లాడుతుంది, నవ్వుతుంది, నా యాసలో నన్నే ఆటపట్టిస్తుంది. పాలు ఇచ్చినప్పుడు మాత్రం గ్లాసు చేత్తో పట్టుకుని నా వంక చూస్తుంది. రోజూ మొదటి గుక్క నేనే తాగుతాను.