నజ్మీన్ కట్టిన యాప్

నజ్మీన్ లెక్కల్లో బీఎస్సీ చేసింది, ఆపైన బీఈడీ. ప్రోగ్రామింగ్ ఏనాడూ నేర్చుకోలేదు. టీచరు ఉద్యోగం వచ్చేదాకా అనుకుని, ఐదేళ్ల కిందట గుంటూరు శివార్లలో మిర్చి దాచే ఏసీ గోడౌన్‌లో గుమాస్తాగా చేరింది. రైతులు తెచ్చిన మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు ఎన్ని, వాటిని ఏ ఛాంబర్‌లో ఏ వరుసలో పెట్టారు అన్నది పుస్తకంలో రాయడం ఆమె పని.

చేరిన ఏడాదికి గోడౌన్ యజమాని శివనాగరాజు ఏదో వ్యాపారుల సమావేశానికి వెళ్లొచ్చి ఆమెను పిలిచాడు.

“లో-కోడ్ అంటన్నారమ్మా. కోడ్ రాయక్కర్లేదంట. తెర మీద పెట్టెలు లాగి ఒకదానికొకటి అతికించుకుంటా పోతే యాప్ తయారైపోద్దంట. అందరూ అదే చేయించుకుంటన్నారు. నువ్వు లెక్కల పిల్లవేగా, చూడకూడదూ?”

ఆమె వీడియోలు చూసి నేర్చుకుంది. ఇరవై రోజులు పట్టింది. టిక్కీలు తూకమై లోపలికి చేరగానే రైతు ఫోనుకి సందేశం వెళ్లాలి. మొదటిసారి అది వెళ్లినప్పుడు ఎదురుగా నిలబడ్డ యలమంద అనే రైతు ఫోను తీసి, “నా నలభై రెండు టిక్కీలు రెండో ఛాంబర్‌లో ఉన్నాయంటందే!” అని గట్టిగా చదివాడు. ఆ రోజు నజ్మీన్ ఇంటికి వెళ్తూ ఆటోలో తనలో తనే నవ్వుకుంది. ఒక వస్తువును సొంతంగా తయారుచేయడం ఆమెకు అదే మొదలు.

తర్వాత చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి. విత్తనానికి ఉంచిన కాయలు వేరుగా కనపడాలి. అమ్మకానికి మిర్చి యార్డుకు పోయే లారీకి గేటు పాసు దానంతటదే రావాలి. మూడో ఛాంబర్‌లో వరుసల నంబర్లు మారాయి, పాతవి కొత్తవిగా చూపించాలి. చిలకలూరిపేటలో శివనాగరాజు బావమరిది గోడౌన్‌ను కూడా ఇందులోనే కలపాలి. ప్రతిదానికీ ఆమె ఒక పెట్టె అతికించింది. పుస్తకాలు రాయడం మానేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి తెర మీద రెండు వందల పైచిలుకు పెట్టెలు, వాటి మధ్య చిక్కుపడ్డ గీతలు. అది ఎలా నడుస్తోందో ఆమెకు తప్ప మరెవరికీ తెలియదు.

తమ్ముడు ఇషాక్ పెళ్లిలో అందరూ భోజనాలకు కూర్చుంటే ఆమె షాదీఖానా వెనక గదిలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గేటు పాసులు సరిచేసింది. జ్వరం వచ్చినా ఫోను మోగేది. శివనాగరాజు ఏనాడూ కసురుకోలేదు. “నువ్వు లేకపోతే మా గేటే తెరుచుకోదమ్మా,” అని నలుగురిలో మెచ్చుకునేవాడు. మొదట్లో ఆ మాటకు ఆమె పొంగిపోయేది. రానురాను అది వింటే ఊపిరాడనట్టు ఉండసాగింది.

జూన్ మొదట్లో ఉత్తరం వచ్చింది. అద్దంకి దగ్గర ఒక ఆడపిల్లల గురుకులంలో లెక్కల టీచరుగా ఎంపికైంది. ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదింటిలోగా చేరాలి, లేకపోతే జాబితాలో తర్వాతి వాళ్లకు ఇస్తారు.

“వెళ్లమ్మా, నేను అడ్డం పడతానా? ఒకళ్లకి అప్పజెప్పి వెళ్లు,” అన్నాడు శివనాగరాజు. అన్నట్టుగానే ఉదయ్ కుమార్ అనే ఇంజినీరింగ్ చదివిన కుర్రాణ్ణి తెచ్చాడు.

ఉదయ్ తెలివైనవాడు. రెండో రోజే అడగడం మొదలుపెట్టాడు.

“మేడం, ఈ పెట్టె ఎందుకు పెట్టారు?”

“ఏదో రైతు విషయంలో పెట్టాను. గుర్తులేదు.”

“తీసేద్దామా?”

“వద్దొద్దు. ఏమవుద్దో తెలీదు.”

ఆరో రోజు అతను లాప్‌టాప్ మూసేశాడు. “మేడం, ఏమీ అనుకోకండి. ఇది సరిచెయ్యడం నావల్ల కాదు. మొదట్నుంచి మళ్లీ కట్టాలి, ఆరు నెలలు పడద్ది. సార్‌తో చెప్తే ఉన్నదాంతోనే నడపమన్నారు.” మర్నాటి నుంచి అతను రాలేదు.

ఇక తనే దాన్ని శుభ్రం చేసి, ఎవరికైనా అర్థమయ్యేలా కాగితం మీద రాసిపెట్టి వెళ్లాలనుకుంది నజ్మీన్. అనవసరమైన పెట్టెలు ఒక్కొక్కటే తీసేసింది. ఇరవై ఆరో తేదీ సాయంత్రం, ఒకేలా కనిపించిన రెండు పెట్టెల్లో ఒకటి తీసింది. పరీక్షించి చూస్తే రెండో ఛాంబర్ బాగానే ఉంది. హాయిగా ఇంటికి వెళ్లి బట్టలు సర్దుకుంది.

తీసేసింది మూడో ఛాంబర్ పాత నంబర్లను కొత్తవిగా మార్చే పెట్టె.

వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచిన వారం అది. తెల్లవారగానే లారీలు బారులు తీరాయి. యాప్ చూపించిన వరుసల్లోంచి ముఠా కూలీలు టిక్కీలు దించారు. ఎనిమిదింటికి యలమంద తనవని దించిన టిక్కీల్లో ఒకటి విప్పి చూసి కేకేశాడు.

“ఇయ్యి నా కాయలు కావు! నాయి తేజా రకం. ఇయ్యి ఎవరియ్యో!”

నజ్మీన్ పరుగున వచ్చి చూసి, ఐదు నిమిషాల్లో తప్పు పట్టుకుంది. పెట్టెను తిరిగి పెట్టడం క్షణంలో పని. కానీ అప్పటికే రెండు గంటలుగా వందల టిక్కీలు తప్పు నంబర్ల మీద కదిలాయి, కొన్ని పై వరుసల్లోంచి కిందికి మారాయి. ఏది ఎక్కడుందో ఇప్పుడు యాప్‌కూ తెలియదు. మనిషి వెళ్లి చూడాల్సిందే.

ముఠా మేస్త్రీ రాఘవులు టార్చిలైటు పట్టుకున్నాడు. ఆమె స్వెట్టరు వేసుకుని, ముక్కుకు చున్నీ కట్టుకుని అతని వెనక మూడో ఛాంబర్‌లోకి వెళ్లింది. లోపల చలి ఎముకల్లోకి దిగుతోంది, మిర్చి ఘాటుకు కళ్లు మండుతున్నాయి. రాఘవులు ఒక్కో టిక్కీ మీద రైతు వేయించిన రంగు గుర్తు చదువుతుంటే ఆమె రాసుకుంది.

“మనం పుస్తకంలో రాసుకునేటప్పుడు తప్పొస్తే ఒక పేజీలో వచ్చేదమ్మాయ్,” అన్నాడతను. దెప్పిపొడవడం కాదు, ఉన్నమాట అన్నాడు.

ఆ రోజంతా గడిచింది. ఇరవై ఎనిమిది మధ్యాహ్నానికి ఆ ఛాంబర్‌లో ఇంకా చూడాల్సిన టిక్కీలు పదకొండు వందలు మిగిలాయి. పన్నెండున్నరకి అమ్మ జాన్‌బీ ఫోను చేసింది.

“బయల్దేరావా?”

“ఇంకా లేదమ్మా.”

“ఇంకెప్పుడే? నీ బట్టల పెట్టె పట్టుకుని బస్టాండులో కూచున్నా నేను!”

ఆమె బయటికొచ్చింది. శివనాగరాజు గుమ్మంలోనే ఉన్నాడు. “నీ ఇష్టమమ్మా. వెళ్తానంటే నా కారిస్తా,” అని తలొంచుకున్నాడు. అతను ఆపి ఉంటే పోట్లాడి వెళ్లిపోయేది. ఆవరణలో రైతులు లారీల నీడన కూర్చుని ఉన్నారు. రెండో రోజు కూడా యార్డుకు వెళ్లలేకపోయిన యలమంద ఆమెను చూసి లేచి, “దొరికినియ్యా అమ్మా?” అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

గోడ పక్కకు వెళ్లి గురుకులం ప్రిన్సిపాల్‌కు ఫోను చేసి, రెండు రోజులు గడువు అడిగింది.

“లేదమ్మా. ఐదింటికి జాబితా పైకి పంపెయ్యాలి. నా చేతిలో లేదు.”

నజ్మీన్ ఫోను పెట్టేసి, చున్నీ మళ్లీ ముక్కుకు కట్టుకుంది. యలమంద టిక్కీలు నాలుగింటికి పదిహేడో వరుస వెనక దొరికాయి. ఐదు దాటిన సంగతి ఆమె చూసుకోలేదు. చూసేసరికి ఐదుంపావు అయింది. టిక్కీల మధ్య అలాగే కూర్చుండిపోయింది. రాఘవులు లైటు వేరే వైపు తిప్పి, ఆమె ఏడుపు ఆగేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.

వారం తర్వాత శివనాగరాజు మిఠాయి పెట్టె, నజ్మీన్, మేనేజర్ అని రాసిన పేరు పలక తెచ్చాడు. నరసరావుపేటలో స్నేహితుడి గోడౌన్‌కు కూడా ఇలాంటి యాప్ కావాలన్నాడు.

“కట్టను సార్,” అంది నజ్మీన్. “ముందు నా పక్కన ఇద్దర్ని కూర్చోబెట్టండి. వాళ్లకు నేర్పిస్తాను. రాఘవులు బాబాయ్‌తో పుస్తకం మళ్లీ మొదలుపెట్టిస్తాను. వచ్చే ఏడాది టీచర్ల నోటిఫికేషన్ పడితే నేను వెళ్లిపోవాలి.”

ఆమె అంత సూటిగా మాట్లాడటం శివనాగరాజు ఎప్పుడూ వినలేదు. అయినా ప్రేమగానే నవ్వాడు.

“చూద్దాంలే అమ్మా. ఈ సీజను గడవనీ.”

అతను వెళ్లగానే చిలకలూరిపేట నుంచి ఫోను మోగింది. మళ్లీ గేటు పాసు రావడం లేదని అయ్యుంటుంది. నజ్మీన్ దాన్ని మోగనిచ్చింది. బల్ల సొరుగులోంచి కొత్త పుస్తకం తీసి, మొదటి పేజీలో ఛాంబర్, వరుస, రైతు పేరు అని గడులు గీసింది. తర్వాత ఫోను ఎత్తి, “చెప్పండి,” అంది.