పేరు అడగని అంగడి

మా యాప్ స్టోర్ అంటే మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను. పెద్ద కంపెనీ అంగడిలో దొరకని యాప్‌లు నూట నలభై దాకా మా దగ్గర ఉచితంగా దొరుకుతాయి. చేసినవాళ్ల పేరూ ఊరూ అడగను. కోడు చూస్తాను, శుభ్రంగా ఉంటే పెడతాను. పన్నెండేళ్లుగా ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుని మురిసిపోయాను.

ఈ నెల నుంచి ఫోన్ల కంపెనీ కొత్త నిబంధన పెట్టింది. యాప్ చేసినవాళ్లు గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా చూపించి తమ దగ్గర నమోదైతేనే ఆ యాప్ ఫోన్‌లోకి ఎక్కుతుందట. మా అంగడిలోదైనా అంతే. మోసగాళ్లని పట్టడానికట! ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది.

చాలామంది గొణుక్కుంటూనే నమోదయ్యారు. 'పిచ్చుక' మాత్రం కాలేదు. ఆ మారుపేరు, ఒక మెయిలు తప్ప ఆ మనిషి గురించి నాకేమీ తెలీదు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన మా అక్కకి పిచ్చుక చేసిన యాపే దిక్కు. తను టైపు చేసినదాన్ని, ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసుకున్న తన గొంతుతోనే చదువుతుంది. అక్క పాత ఫోన్ చార్జరు తీస్తే చచ్చిపోతోంది. కొత్తది కొన్నాం. అందులో యాప్ ఎక్కనంది.

పిచ్చుకకి రాశాను. జవాబొచ్చింది.

"నన్ను వెతికేవాడొకడున్నాడు. వాడికి దొరక్కూడదనే ఇల్లు మారాను. పేరు, చిరునామా ఎక్కడా ఇవ్వను. యాప్ మీ పేరున పెట్టుకోండి. ఈ మెయిలూ ఇవాళ్టితో మూసేస్తున్నాను."

పక్కవాళ్ల పనికి తమ పేరు తగిలించుకునేవాళ్లని జన్మంతా తిట్టినవాణ్ణి. నావల్ల కాదని అక్కతో అన్నాను. అక్క పాత ఫోన్ అందుకుని టకటకా కొట్టింది.

"ఒరేయ్, నీ నీతులు తర్వాత. ముందు నాకు నోరు కావాలి."

నా కార్డు ఎక్కించాను. నాలుగు రోజులకి అనుమతి వచ్చింది. కొత్త ఫోన్‌లో యాప్ తెరిస్తే, 'తయారుచేసినవారు' అన్నచోట నా పేరు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క ఫోన్ లాక్కుంది.

"పిచ్చుకకి చెప్పరా, నా గొంతు నాకొచ్చిందని."

మెయిలు మూసేశారని తెలిసినా, అక్క ఎదురుగానే రాసి పంపాను. అలాంటి చిరునామా లేదని క్షణంలో తిరిగొచ్చింది, అక్క చూడలేదు. ఒక్కసారైనా పేరు అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు అక్క అడిగింది. "ఏమన్నారురా?"

సంతోషించారని చెప్పాను.