తట్టెడు ఇసుక

వరద నష్టం రాసుకోవడానికొచ్చిన సర్కారు కర్మచారి, భద్రమ్మ చేను గట్టు మీద నిలబడ్డాడు. చెప్పులకు మట్టి అంటకుండా చూసుకుంటూ "నుక్సాన్ నహీ" అని కాగితం మీద రాసేశాడు. నష్టం లేదట!

"లేదేటి బాబూ? వరి అంతా ఏరట్టుకుపోనాది కదా!" అంది భద్రమ్మ.

"బాలూ కహాఁ హై? ఖేత్ తో సాఫ్ హై!"

ఇసుకేదీ, పొలం శుభ్రంగానే ఉందిగా అని అతని ప్రశ్న.

సోనారి బస్తీ దాటాక ఏటి ఒడ్డున నలభై కుటుంబాల చేలున్నాయి. శ్రీకాకుళం నుంచి తట్టలు మోయడానికొచ్చి, కడుపు కట్టుకుని చారెడు నేల సంపాదించుకున్న వాళ్లవి సగం, సంతాలీ గిరిజనులవి సగం. వరద వాటి మీద మోకాలెత్తు ఇసుక మేట వేసి పోయింది. మేటను వెంటనే ఎత్తకపోతే నేల చచ్చిపోతుందని వాళ్ల తాతల నాటి పట్టింపు. "సర్కారోల్లు వచ్చీవరకూ ఆగుదుం ఒదినా," అని మరిది అప్పలసూరి మొత్తుకున్నా వినకుండా భద్రమ్మే అందర్నీ లేపింది. కంపెనీ డ్యూటీ దిగి వచ్చి ఎనిమిది రోజులు ఇసుక మోసి ఏటి పక్కన పోశారు. అదే వాళ్లు చేసిన తప్పు. సర్కారుకు మన కష్టం కనబడాలంటే మనం కష్టపడకూడదు!

పక్కనున్న ఠేకేదారు నేల, అంటే కాంట్రాక్టరుది, ఐదేళ్లుగా నాగలి ఎరగదు. మేట అలాగే ఉంది. దానికి మాత్రం కర్మచారి పూర్తి సాయం రాశాడు. సాయం అందకపోతే వీళ్లకు విత్తనం లేదు. విత్తనం పడకపోతే నలభై చేలూ ఆ ఠేకేదారు ఇటుకబట్టీకి పోతాయి.

సాయంత్రం అందరూ గట్టు మీద చేరారు.

"అర్జీ ఎడదుం," అన్నాడు అప్పలసూరి.

"సదివీదెవుడు? ఇంత సెయ్యి తడుపుదుం," అంది సింహాచలమ్మ.

"ఏటెట్టి తడుపుతావు? నీ పుస్తెలెట్టా?" అని అప్పలసూరి కసిరాడు.

భద్రమ్మకు ఏడుపు ఆగలేదు. "నాను సెప్పబట్టే ఎత్తినారు. మీ నోట్లో మట్టి కొట్టినాను."

సంతాలీ ముసలమ్మ సోమ్‌వారీ ఆమె భుజం పట్టుకుంది. "రో మత్ బేటీ. బాలూ తో ఉధర్ హీ పడా హై." ఏడవకు, ఇసుక అక్కడే పడుందిగా అని ఆమె మాట. ఎత్తిపోసిన ఇసుక ఏటి పక్కన కుప్పలుగా అలాగే ఉంది.

భద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడికి ఇసక కావాలంట. అట్టుకెల్లి సూపిద్దుం రండర్రా!"

మర్నాడు ఎవరూ డ్యూటీకి పోలేదు. నలభై ఇళ్ల ఆడా మగా ఇసుక తట్టలు నెత్తికెత్తుకుని, కర్మచారి పనిచేసే బ్లాకాఫీసుకు నడిచారు. వరండాలో, మెట్ల మీద, పై ఆఫీసరు సాహెబు గది గుమ్మంలో దిమ్మరించారు. "బాలూ యహాఁ హై!" ఇసుక ఇదిగో అని అరుస్తుంటే గోడలు అదిరాయి. మళ్లీ వెళ్లారు, మళ్లీ తెచ్చారు. మధ్యాహ్నానికి తలుపు తెరుచుకోవడం మానేసింది.

"ఉఠావ్!" అని సాహెబు కిటికీలోంచి అరిచాడు.

"ముందు రాయి. రాసినాక ఎత్తుతాం," అంది భద్రమ్మ.

పోలీసులు దిగారు. అప్పలసూరి తల పగిలింది. భద్రమ్మను జుట్టు పట్టి ఈడ్చి, మరో పదిమందితో పాటు వ్యానెక్కించారు.

ఇసుక ఎత్తించమని సాహెబు ఠేకేదారుకు కబురు పెట్టాడు. ఠేకేదారు గోల్‌మురి కూలీల అడ్డాకు వెళ్లి రెట్టింపు కూలి ఇస్తానన్నాడు. ఆ ఊళ్లో ఇసుక మోసే నెత్తులన్నీ భద్రమ్మ చుట్టాలవో, పక్కింటివాళ్లవో.

"మావోల్ల నష్టం రాసినారా?" అని అడిగింది కూలీల్లో ముందు నిలబడ్డ చిలకమ్మ.

ఠేకేదారు జేబులోంచి నోట్ల కట్ట తీశాడు.

చిలకమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమె వెనక అడ్డా అంతా కూర్చుంది.